వృత్తి పన్నుకు ఉద్యోగి, ఆదాయపు పన్నుకు కన్సల్టెంటా?

సంపాదకులు గారికి,

నమస్కారం. 2025 ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెట్ వచ్చిన మర్నాడు, పన్నెండు లక్షల దాకా ఆదాయపు పన్ను లేదని మీరు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేశారు. ఆ ముక్క కత్తిరించి నా బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాను. తెనాలి బోసు రోడ్డులో ఒక మందుల దుకాణం మేడ మీద నా గది. ఇరవై ఆరేళ్లుగా చిన్న వ్యాపారుల పద్దులు రాస్తూ, ఎండాకాలం పోయాక రిటర్నులు దాఖలు చేస్తూ బతుకుతున్నాను. చార్టర్డ్ అకౌంటెంట్‌ను కాను. పాతకాలపు బీకాంను.

పోయిన వారం ఒక జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరరు వచ్చారు. నేను కంప్యూటరు తెరిచేలోపు అద్దం కింది కాగితం చదివి, "బాబాయి గారూ, నాకు ఏడాదికి వచ్చేది మూడు లక్షల ముప్పై ఆరు వేలు. పన్నెండు లక్షల దాకా లేని పన్ను నాకెందుకు కోస్తున్నారు?" అని అడిగారు. ఎనిమిదేళ్లుగా ఆవిడ రిటర్ను నేనే వేస్తున్నాను. ఏదో ఒక రూపంలో ఆ ప్రశ్న ఏటా అడుగుతూనే ఉన్నారు. నేను కూడా ఏటా "వెనక్కి వస్తుందిలెండమ్మా" అని దాటవేస్తున్నాను. ఈసారి అలా అనడానికి నోరు రాలేదు.

ఆవిడ నెల చీటీ ఇలా ఉంటుంది. మొత్తం రూ.28,000. అందులో టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే కోసుకునే ఆదాయపు పన్ను, పది శాతం, రూ.2,800. వృత్తి పన్ను రూ.200. చేతికి వచ్చేది సరిగ్గా పాతిక వేలు. చూడటానికి ముచ్చటైన లెక్క. దానిలోని వింత పద్దులు రాసేవాడికి తప్ప ఎవరికీ కనిపించదు.

వృత్తి పన్ను మన రాష్ట్రంలో 1987 నాటి చట్టం ప్రకారం వసూలవుతుంది. జీతగాళ్లయితే నెలకు రూ.15,000 దాకా ఏమీ లేదు, రూ.20,000 దాకా రూ.150, ఆపైన ఎంతున్నా రూ.200. యజమాని జీతంలో కోసి ప్రభుత్వానికి కట్టాలి. సొంతంగా వృత్తి చేసుకునేవాళ్లు తమది తామే కట్టుకుంటారు. నా బోటి వాడు ఏడాదికి రూ.2,500 కడతాడు. (ఇరవై వేల ఒక రూపాయి జీతగాడు, ఐదు లక్షల జీతగాడు ఒకే రెండు వందలు కట్టడం ఏమి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రాజ్యాంగంలో ఏడాదికి రూ.2,500 మించకూడదన్న హద్దు 1988 నుంచి అలాగే ఉంది. అది వేరే ఉత్తరానికి సరిపడా సంగతి.) అంటే నెలనెలా ఆవిడ దగ్గర రెండు వందలు కోసిన ప్రతిసారీ ఆ కళాశాల, ఈవిడ మా ఉద్యోగి అని రాష్ట్ర ప్రభుత్వానికి రాసిస్తున్నట్లే.

అదే చీటీలో పై వరుస చూడండి. ఉద్యోగి అయితే ఆదాయపు పన్ను ఇలా కోయరు. ఏడాది మొత్తానికి ఎంత పన్ను పడుతుందో యజమాని అంచనా వేసి, దాన్ని నెలలకు పంచి కోయాలి. పాత చట్టంలో అది 192వ సెక్షన్. కొత్త విధానంలో నాలుగు లక్షల దాకా పన్నే లేదు (మీరు వేసిన పన్నెండు లక్షలు రాయితీ కలిపిన లెక్క). జీతగాళ్లకు రూ.75,000 తగ్గింపు దానికి అదనం. ఆవిడ ఆదాయం ఆ గీతకు కింద ఎక్కడో ఉంది. కాబట్టి కోయవలసింది సున్నా. అయినా పది శాతం ఎందుకు కోస్తున్నారంటే, కాగితం మీద ఆవిడ ఉద్యోగి కారు. కన్సల్టెంటు. ఆవిడకు ఇచ్చేది జీతం కాదు, వృత్తి నైపుణ్యానికి రుసుము. అది 194జె సెక్షన్. ఏడాదికి రూ.50,000 దాటితే చాలు, మనిషి మొత్తం ఆదాయం ఎంత, ఆ మనిషికి పన్ను పడుతుందా లేదా అని చూడకుండా పది శాతం కోసేయాలి. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు, ఫారాల నంబర్లు మారాయి. నాకు ఇంకా పాత నంబర్లే నోటికి వస్తున్నాయి, మన్నించండి.

ఇంతకీ ఈ కన్సల్టెంటు ఏమి చేస్తారు? ఉదయం ఎనిమిదింటికి వేలిముద్ర వేస్తారు. పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు పోతుంది. గంట కొడితే తరగతికి, మళ్లీ గంట కొడితే మరో తరగతికి. సాయంత్రం స్టడీ అవర్. ఆదివారం పరీక్షల పేపర్లు దిద్దాలి. ఎండాకాలం సెలవుల్లో, పదో తరగతి పిల్లల పేర్లు, ఫోను నంబర్లు ఉన్న జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలి. మే నెలలో అరటి తోటల మధ్య స్కూటీ మీద తిరిగి తిరిగి ఈ ఏడాది ఆవిడకు వడదెబ్బ తగిలింది. పైగా ఒప్పందంలో, మరో కళాశాలలో గాని, ఇంటి దగ్గర గాని పాఠాలు చెప్పరాదని ఒక షరతు. కన్సల్టెంటు అన్నవాడికి నలుగురు ఖాతాదారులు ఉండాలి, నచ్చకపోతే రాననే వీలుండాలి. అమ్మా పెట్టదు, అడుక్కుతిననూ ఇవ్వదు అన్నట్లు, ఉద్యోగికి ఉండే రక్షణ లేదు, సొంత వృత్తికి ఉండే స్వేచ్ఛ లేదు.

నేను నిజంగా సొంత వృత్తి చేసుకునేవాణ్ని కాబట్టి తేడా నాకు తెలుసు. నా గది అద్దె, కంప్యూటరు తరుగుదల, కరెంటు బిల్లు, టైపు చేసే అమ్మాయి జీతం, అన్నీ ఖర్చుల్లో చూపించుకుంటాను. నన్ను ఎవరూ వేలిముద్ర అడగరు. కష్టమైనా నష్టమైనా నాదే. ఆవిడకు ఖర్చు కింద చూపించడానికి సుద్దముక్క కూడా లేదు, అది కళాశాలే ఇస్తుంది.

కోసిన డబ్బు వెనక్కి వస్తుంది కదా, గొడవెందుకు అని మీ పాఠకుల్లో కొందరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఏడాదికి రూ.33,600. టీడీఎస్ పాతిక వేలు దాటితే, పన్ను పడకపోయినా రిటర్ను వేయడం తప్పనిసరి. కాబట్టి ఆవిడ నా దగ్గరికి రావాలి. నేను రూ.600 తీసుకుంటాను, ఆవిడ సొమ్ము ఆవిడకు ఇప్పించినందుకు! ఆదాయపు పన్ను శాఖ వాపసు సొమ్ము మీద నెలకు అర శాతం వడ్డీ ఇస్తుంది. కానీ ఆ వడ్డీ లెక్క మరుసటి ఏప్రిల్ 1 నుంచి మొదలవుతుంది. నిరుడు మే నెలలో కోసిన రూ.2,800 ఈ మార్చి ఆఖరు దాకా ఉత్తినే పడి ఉన్నట్లు. ఆ మధ్యలో, జూన్‌లో పిల్లవాడి ఇంజినీరింగు ఫీజు కోసం ఆవిడ తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి ముప్పై వేలు తెచ్చారు. ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ప్రభుత్వం దగ్గర తన ముప్పై మూడు వేలు ఉండగా ముప్పై వేలకు అప్పు. ఇది ఒక్కసారి జరిగింది కాదు, ఏటా జరుగుతోంది.

బ్యాంకులో డిపాజిట్ ఉన్నవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. నాకు పన్ను పడదు, వడ్డీలో కోయవద్దు అని ఫారం 15జి రాసి ఇస్తే బ్యాంకు కోయదు. పొదుపు చేసిన డబ్బు మీద వచ్చే వడ్డీకి ఉన్న ఆ వెసులుబాటు, గొంతు చించుకుని పాఠం చెబితే వచ్చే రుసుముకు లేదు. 194జెకి 15జి చెల్లదు. తక్కువ కోయించుకోవాలంటే ఆదాయపు పన్ను అధికారి దగ్గర విడిగా ధ్రువపత్రం తెచ్చుకోవాలి. వారానికి ముప్పై ఏడు తరగతులు, రెండు స్టడీ అవర్లు ఉన్న మనిషికి ఆ తిరుగుళ్లు ఎక్కడ కుదురుతాయి?

రిటర్ను దగ్గరా మరో చిక్కు. జీతగాళ్ల సాదా ఫారంలో ఈ ఆదాయం చూపలేం. వృత్తి నిపుణులకు వచ్చినదాంట్లో సగమే ఆదాయంగా చూపించే తేలిక పద్ధతి ఒకటి ఉంది గాని, చట్టం పేర్కొన్న వృత్తుల్లో న్యాయవాది, వైద్యుడు, ఇంజినీరు, ఆర్కిటెక్టు, అకౌంటెంటు వగైరా ఉన్నారే తప్ప బడిపంతులు లేడు. అయినా సీజనులో నా తోటి వృత్తివాళ్లు చాలామంది కళ్లు మూసుకుని అందులోనే వేసేస్తారు. నేను వేయను. పెద్ద ఫారమే నింపుతాను. అందుకే నా గదిలో రాత్రి పదింటి దాకా దీపం వెలుగుతుంది.

పన్ను సంగతి ఇంతటితో సరే. అసలు నష్టం చీటీలో ఎక్కడా కనిపించదు. ఇరవై మంది, అంతకు మించి పనిచేసేచోట పీఎఫ్ ఉండాలి. ఉద్యోగి పన్నెండు శాతం, యజమాని పన్నెండు శాతం. రూ.15,000 పైన జీతంతో కొత్తగా చేరేవాళ్లను చేర్చనక్కర్లేదని యాజమాన్యాలు అంటాయి. అది నిజమే. కానీ ఎనిమిదేళ్ల కిందట ఆవిడ చేరినప్పుడు ఇచ్చింది రూ.14,500. ఆ రోజే ఖాతా తెరవవలసింది. తెరిచి ఉంటే తర్వాత జీతం పెరిగినా సభ్యత్వం పోయేది కాదు, కనీసం రూ.15,000 మీద యజమాని వాటాగా నెలకు రూ.1,800 జమ అయ్యేది. ఇక గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసి మానేటప్పుడు యజమాని ఇవ్వవలసిన మొత్తం. ఉపాధ్యాయులకు అది వర్తిస్తుందని 2009లో పార్లమెంటు చట్టం సవరించి, 1997 ఏప్రిల్ నుంచి అమలు చేసింది. ప్రైవేటు పాఠశాలలు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2022 ఆగస్టులో ఓడిపోయాయి. ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలను ఇరవై ఆరు రోజులుగా లెక్కవేసి. ఆవిడకు ఇచ్చేదంతా జీతమే అనుకుంటే ఎనిమిదేళ్లకు సుమారు రూ.1,29,000. కన్సల్టెంటుకు గ్రాట్యుటీ ఉండదు. ఆ ఒక్క మాట విలువ అది.

2020లో కళాశాల మూతపడినప్పుడు ఆ మాట మరో రకంగా పనికొచ్చింది. ఐదు నెలలు ఆవిడకు ఒక్క రూపాయి రాలేదు. తరగతి లేదు కాబట్టి రుసుము లేదన్నారు. అదే ఏడాది ప్రభుత్వం దయతలచి 194జె కోతను పది నుంచి ఏడున్నర శాతానికి తగ్గించింది. ఆ ఐదు నెలలకు తగ్గించడానికి అసలు రాబడే లేదు.

యాజమాన్యాలను మాత్రమే తిట్టి ఊరుకోవడం నాకు చెల్లదు. 2012లో ఒక నర్సింగ్ హోమ్ పద్దులు రాసేవాణ్ని. నెలకు మూడు వేలు ఇచ్చే ఖాతా, అప్పట్లో నాకు పెద్దది. వాళ్ల రిజిస్టరులో పందొమ్మిది మంది ఉండేవారు. ఇరవయ్యో మనిషి అవసరం వచ్చింది. ఇరవై అయితే పీఎఫ్ వస్తుంది, ఏమైనా దారి చూడమన్నారు. (మా ఊళ్లో ఎన్ని రిజిస్టర్లు పందొమ్మిది దగ్గర ఆగిపోయి ఉంటాయో చెబితే మీరు నమ్మరు.) ల్యాబు కుర్రవాడికి, ఎక్స్‌రే అబ్బాయికి, ముగ్గురు నర్సులకు "సేవా ఒప్పందం" అని నమూనా తయారు చేసింది నేనే. మొదటి పేజీలో "ఇరుపక్షాల మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదు" అన్న వాక్యం నా వేళ్లు టైపు చేసినదే. ఆడిటరు చెప్పారు, నేను చేశాను అనుకుని అప్పుడు నిద్రపోయాను. పదకొండేళ్ల తర్వాత ల్యాబు కుర్రవాడు, అప్పటికి కుర్రవాడు కాదు, రూ.14,000 దగ్గర మానేసి నా దగ్గరికి వచ్చాడు. గ్రాట్యుటీ ఎంత వస్తుందండీ అని అడిగాడు. లెక్క వేస్తే రూ.88,846. ఆ కాగితం అతనికి చూపించలేదు. పైగా నాలుగేళ్లు రిటర్నులే వేయలేదు. ఆలస్యంగానైనా డిసెంబరు 31 లోపు వేయకపోతే, ఆ తర్వాత వాపసు కోసం ప్రత్యేకంగా అర్జీ పెట్టుకోవాలి. అతని డబ్బు చాలావరకు ఖజానాలోనే ఉండిపోయింది.

ఆ వాక్యానికి న్యాయస్థానంలో అంత బలం లేదని తర్వాత తెలుసుకున్నాను. తెలంగాణ ప్రాంతపు దుకాణాల చట్టం కింద వచ్చిన ఒక వ్యాజ్యంలో 1973లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు. అక్కడి దర్జీలకు నెల జీతం లేదు, కుట్టిన బట్టకు ఇంత అని కూలి. కొందరు గుడ్డ ఇంటికి తీసుకెళ్లి కుట్టేవారు. వీళ్లు మా ఉద్యోగులు కారని యజమాని వాదించాడు. మిషన్లు ఎవరివి, కుట్టు బాగా లేకపోతే విప్పి మళ్లీ కుట్టమనే అధికారం ఎవరిది అని కోర్టు చూసింది. ఉద్యోగులేనని తేల్చింది. దర్జీకి ఆ రోజు దొరికిన న్యాయం గంట కొడితే పరుగెత్తే లెక్చరరుకు దొరకదా? దొరకవచ్చు, వ్యాజ్యం వేస్తే. వేసిన మర్నాడు గేటు దగ్గర వేలిముద్ర యంత్రం ఆవిడను గుర్తుపట్టదు.

నిజమైన కన్సల్టెంట్లు లేరని నేను అనడం లేదు. గుంటూరు నుంచి వారానికి రెండు రోజులు వచ్చి, నాలుగు ఆస్పత్రుల్లో చూసి, తన రుసుము తానే చెప్పే గుండె వైద్యుడు కన్సల్టెంటే. ఆయనకు 194జె సబబే. కానీ ఆయన రుసుము ప్రతి నెలా మారుతుంది. ఒకే పాన్ నంబరుకు, ఒకే సంస్థ నుంచి, పన్నెండు నెలలు పైసా తేడా లేకుండా ఒకే మొత్తం వెళుతుంటే దాన్ని రుసుము అనాలంటే చాలా గడుసుతనం కావాలి. ఆ వివరాలన్నీ మూడు నెలలకోసారి సంస్థ దాఖలు చేసే టీడీఎస్ పట్టికలో పేరు పేరునా ఉన్నాయి. వృత్తి పన్ను లెక్కలు రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ దగ్గర ఉన్నాయి. ఈ రెండు పక్కపక్కన పెడితే చాలు, పీఎఫ్ అధికారికి తనిఖీకి వెళ్లవలసిన చిరునామాలన్నీ దొరుకుతాయి. నా బ్యాంకు ఖాతాలో ఎనిమిది రూపాయల వడ్డీ పడితే పట్టుకుని చూపించే కంప్యూటర్లకు ఇది చేతకాని పనా?

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చాయి. అందరికీ నియామక పత్రం ఇవ్వాలంటున్నాయి. సంతోషమే. కానీ ఆ పత్రంలో ఏమి రాస్తారో నాకు భయంగా ఉంది, ఎందుకంటే అలాంటివి రాసే మనుషులు నా వంటివాళ్లే. నమూనాలు అప్పుడే వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. మొన్న ఒకటి నాకూ వచ్చింది, సరిచూసి పెట్టమని. చూస్తే, "ఇరుపక్షాల మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదు." నా వాక్యమే, అక్షరం పొల్లుపోకుండా. సరిచూడనని తిప్పి పంపాను. ఆ ఖాతా పోయినట్లే.

ప్రభుత్వాన్ని పెద్దగా ఏమీ అడగడం లేదు. పన్ను పడని చిన్న రుసుములకు 15జి వంటి ప్రకటన ఇచ్చుకునే వీలు కల్పించమనండి. వృత్తి పన్ను కోసినచోట ఆ మనిషిని ఉద్యోగిగానే లెక్కకట్టమనండి. పత్రికగా మీకు కూడా ఒక మనవి. వచ్చే బడ్జెట్ రోజున మళ్లీ ఇన్ని లక్షల దాకా పన్ను లేదని వేస్తారు. దాని కింద చిన్న పెట్టెలోనైనా, ఆ మాట వర్తించినా నెలనెలా పదో వంతు కోయించుకుని, మరుసటి ఏడాది రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకునేవాళ్ల సంగతి వేయండి. లెక్చరర్లు, ల్యాబు వాళ్లు తమ పేరున ఎంత పన్ను జమ అయిందో చూపే 26ఏఎస్ పత్రం ఎలా చూసుకోవాలో, గడువు ఎప్పుడో అందులో రాయండి. కోసిన సొమ్మును యజమాని కట్టకపోతే, ఆ పన్నును మళ్లీ వీళ్ల దగ్గర వసూలు చేయకూడదని చట్టంలోనే ఉందని కూడా రాయండి. అది తెలియక రెండోసారి కట్టినవాళ్లు నాకు తెలుసు.

లెక్చరరు గారి రిటర్ను నిన్న రాత్రి దాఖలు చేశాను. ఆరు వందలు తీసుకోలేదు. ఆవిడ ఒప్పుకోక, పుస్తకాల బస్తా లాంటి తన సంచీలోంచి ఒక డజను అరటిపళ్లు తీసి బల్ల మీద పెట్టి వెళ్లారు, సరిగ్గా మీ పత్రిక ముక్క మీద.

నా పేరు ప్రచురించవద్దని మనవి. ఇంకా ముగ్గురు యాజమాన్యాల పద్దులు నా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
ఒక పద్దుల గుమస్తా,
తెనాలి